గుడ్డమేడ పద్యానికి ఉష్ట్రతోషిణీ వ్యాఖ్య

అవతారిక

సకల విఘ్నాలూ సగంలో ఇరుక్కున్న జిప్పు దగ్గరే మొదలవుతాయి కనుక ముందుగా జిప్పుకు నమస్కారం.

వ్యాఖ్యానానికి పూనుకున్న తెలుగువాడు మొదట కోలాచలం మల్లినాథసూరిని తలచుకోవడం మర్యాద. మెదకు సీమకు చెందిన ఆ మహానుభావుడు కాళిదాసు కావ్యాలకు ‘సంజీవని’ రాస్తూ, ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. నాకు అంత నిష్ఠ లేదు. మూలం నాలుగు పాదాలే. అక్కర్లేనిది చెప్పకపోతే పేజీ నిండదు.

ఈ పద్యం రాసిన కవీ, ఈ వ్యాఖ్య రాస్తున్నవాడూ ఒక్కడే. ఇందులో పెద్ద సుఖం ఉంది. కవి హృదయం ఏమిటా అని తడుముకోనక్కర్లేదు. కవి జేబు ఏమైందో కూడా తెలుసు.

సందర్భం చెబుతాను. మా బాబాయికి డెబ్భైనాలుగేళ్ళు. ఒంగోలు దగ్గర పల్లెలో సేద్యం చేస్తూ, సంతల్లో కోడెదూడల్ని కొని, మేపి, అమ్మి ముగ్గురు పిల్లల్ని చదివించాడు. గోదావరి పుష్కరాలకు 2015లో మునిగాడు, కృష్ణా పుష్కరాలకు 2016లో మునిగాడు. “ఏడాదికో నదిలో దిగే పుష్కరుడికి సొంతూరు ఒకటుందంట గదరా. కార్తీక పున్నానికి ఆడ మునగాల” అన్నాడు. ఆ ఊరు రాజస్థాన్‌లో అజ్మీరు పక్కన, నాగపహాడ్ కొండ అవతల ఉన్న పుష్కర్. అదే రోజుల్లో అక్కడ ఒంటెల సంత కూడా ఉంటుందని చెప్పాను. బాబాయికి భక్తి రెట్టింపయింది.

బస మాత్రం బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి ఫోనులో చూసి కుదిర్చాడు. ఆ ఫొటోలో ఇసుక, ఇసుకలో గుడారం, గుడారం ముందు కుర్చీ, కుర్చీ వెనక ఒంటె ఉన్నాయి. మేం వెళ్ళేసరికి మొదటి మూడూ ఉన్నాయి.

మూలం

ఆ.వె.
గుడ్డమేడకొక్క గుడ్డిదీపము పెట్టి
వేడినీళ్ళకొక్క వేళ పెట్టి
ఒంటె మూతి చూడ నొంటిరాత్రికి లక్ష
పోసి వచ్చినాడ పుష్కరమున

ఛందస్సు

ఆటవెలది. సీసం ఎత్తుకునేంత ఓపిక కవికి లేదు; రాత్రి నిద్ర లేదు. ఒకటో పాదంలో గుకారానికి గుకారం, రెండో పాదంలో వేకారానికి వేకారం యతి చక్కగా పడ్డాయి. మూడో పాదంలో ప్రాసయతితో సర్దుకున్నాడు. నాలుగో పాదంలో పోకారానికి పుకారంతో మైత్రి. ‘పుకారు’తో మైత్రి చేసినవాడికి ఇలాంటి బసలే దొరుకుతాయని ఛాందసుల మాట.

ప్రతిపదార్థం

గుడ్డమేడకున్ = గుడ్డతో కట్టిన మేడకు. దీనికి తెలుగులో గుడారం, డేరా అని మంచి మాటలు ఉన్నాయి. కవి వాటిని ఎందుకు వదిలాడు? గుడారమంటే రాజులు దండు విడిసినప్పుడు వేసేది. డేరా అంటే ఊరి బయట నాటకాలవాళ్ళు వేసేది. ఈ రెంటిలోనూ లోపల నిలువుటద్దం, రాతబల్ల, తోలుకుర్చీ, నేల మీద తివాచీ, గోడకు (గోడ కూడా గుడ్డే) అచ్చులద్దిన పూలతీగలు, వెనకవైపు పింగాణీ తొట్టితో స్నానాలగది ఉండవు. ఇక్కడ ఉన్నాయి. అందుకని మేడ. ఇటుక లేదు కనుక గుడ్డ. ఈ మేడ బరువంతా మేకుల మీదా తాళ్ళ మీదా ఆధారపడి ఉంటుంది. ఆ తాళ్ళు రాత్రిపూట కనిపించవు. బాబాయి మొదటి రాత్రి రెండుసార్లు, కవి నాలుగుసార్లు వాటికి సాష్టాంగపడ్డారు.

అమరకోశంలో గుడ్డ ఇంటికి ‘దూష్యం’ అని ఒక పేరుంది. దూష్యమంటే నిందింపదగినది అని కూడా అర్థం. అమరసింహుడు ఏ సంతలో ఏ గుడారంలో పడుకున్నాడో గానీ, ఒక్క మాటలో రివ్యూ రాసి పెట్టాడు.

ఒక్క గుడ్డిదీపము = ఒకే ఒక మసక దీపము. ఇత్తడి లాంతరు. చూడటానికి తాతలనాటిది. లోపల మాత్రం బొటనవేలంత ఎల్‌ఈడీ బుడ్డి. ఆ వెలుగులో పక్కవాడి ముఖం కనిపిస్తుంది గానీ ఎవరిదో పోల్చుకోలేం. “కరెంటు పోయిందా నాయనా?” అని బాబాయి అడిగితే, గుడారం కుర్రాడు అదే వాతావరణమని, దాని కోసమే దేశదేశాల నుంచి వస్తారని చెప్పాడు. “మా ఊళ్ళో ఈ వాతావరణం రోజూ రెండు గంటలు ఊరికే ఇచ్చేవోళ్ళు” అన్నాడు బాబాయి.

పెట్టి = ఉంచి. రెండో పాదంలోని ‘పెట్టి’ నిర్ణయించి అనే అర్థంలో. ఒకే క్రియ రెండర్థాల్లో వాడటం కవి పొదుపు. సొమ్ము విషయంలో చూపలేకపోయిన పొదుపు మాటల్లో చూపించాడు.

వేడినీళ్ళకున్ ఒక్క వేళ = వేడినీళ్ళకు ఒక నిర్ణీత కాలము. ఉదయం ఆరు నుంచి ఎనిమిది అని స్నానాలగదిలో చెక్కబిళ్ళ మీద అందంగా చెక్కించి పెట్టారు. ఇసుకసీమలో కార్తీకం అంటే పగలు చొక్కా తడిసే ఎండ, రాత్రి పళ్ళు టకటకలాడే చలి. ఇక కార్తీకస్నానం తెల్లవారకముందే చేయాలి. కాబట్టి పుణ్యం కావాలన్నవాడికి వేడినీళ్ళు లేవు, వేడినీళ్ళు కావాలన్నవాడికి పుణ్యం లేదు. ఈ చిక్కుముడి బాబాయిని బాధించలేదు. నాలుగింటికే లేచి చన్నీళ్ళు గుమ్మరించుకుని, “కార్తీకంలో వేన్నీళ్ళేందిరా, పురిటి స్నానమా?” అన్నాడు. రాత్రి రజాయి కింద వేడినీళ్ళు నింపిన రబ్బరు సంచి పెట్టి పోయారు. పడుకోబోతూ దాని మీద చెయ్యి వేసి ఉలిక్కిపడి, “ఎవురికిరా జరం?” అని కూడా అడిగాడు.

ఒంటె మూతి = ఒంటె యొక్క మూతి. ఈ పదం దగ్గర వ్యాఖ్యాత కాస్త కూర్చోవాలి.

ఒంటెకు ఉష్ట్రం, క్రమేలకం, మయం, మహాంగం అని సంస్కృతంలో పేర్లు. తెలుగులో లొట్టిపిట. క్రమేలకానికీ ఇంగ్లీషువాళ్ళ కేమెల్‌కూ చుట్టరికం కనబడుతూనే ఉంది. ఇన్ని పేర్లుండగా, అంత పెద్ద జంతువులో మూతినే కవి ఎందుకు పట్టుకున్నాడు? పశువుల సంతలో అసలు పుస్తకం మూతి. వయసు, ఆరోగ్యం, అమ్మేవాడి నిజాయితీ అన్నీ అక్కడే రాసి ఉంటాయి. బాబాయి చదివిన చదువంతా అదే.

ఇంకో కారణం. ఒంటె పైపెదవి మధ్యకు చీలి ఉంటుంది. రెండు వేళ్ళతో తుంచినట్టు, ముళ్ళ మధ్య నుంచి ఆకును ఒడుపుగా లాక్కుంటుంది. ఆ ముళ్ళచెట్టును అక్కడివాళ్ళు ఖేజ్రీ అంటారు. మనం జమ్మి అంటాం. రాజస్థాన్‌కూ తెలంగాణకూ రాష్ట్ర వృక్షం ఇదే. మనం దసరానాడు జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి దండం పెడతాం. వాళ్ళు జమ్మికాయను ఎండబెట్టి, కేర్ అనే చిరుకాయలతో కలిపి కేర్‌సాంగ్రీ కూర వండుతారు. గుడారంలో భోజనాల బల్ల మీద దాల్, బాటీ, చూర్మాల పక్కన ఆ కూర కూడా ఉంది. పుష్కర్‌లో మాంసం, గుడ్డు, మద్యం నిషేధం కనుక ఏ గిన్నె మూత తీసినా భయం లేదు. కూరలో ఉన్నది జమ్మి అని తెలిశాక బాబాయి ముందు కళ్ళకద్దుకుని తర్వాత తిన్నాడు.

మూడో కారణం మొదటి రాత్రి తెలిసింది. పదకొండు దాటాక గుడారం వెనక నుంచి గుడగుడ, బుడబుడ, చివర్లో సీసాలోంచి నీళ్ళు ఒంపినట్టు ఒక చప్పుడు. స్నానాలగదిలో గొట్టం పగిలిందనుకుని కవి ఫోను చేశాడు. రెంచీ పట్టుకుని ఇద్దరు వచ్చారు, గొట్టాలన్నీ తట్టారు, తడిమారు, ఏమీ లేదన్నారు. వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ గుడగుడ. బాబాయి దుప్పట్లోంచే తీర్పు చెప్పాడు: “గొట్టం గాదురా. మగ జంతువు. ఎదకొచ్చింది.” చలికాలం మగ ఒంటెకు మదకాలం. అప్పుడది అంగిటిలోని మెత్తని తిత్తిని గాలితో ఉబ్బించి, నోటి పక్క నుంచి ఎర్రటి బుడగలా బయటికి వేలాడేసి, నురగలు కక్కుతూ గుడగుడలాడుతుంది. దూరం నుంచి చూస్తే నాలుక ఊడి బయట పడిందనిపిస్తుంది. కళాకారుల రావణహత్థా వాయిద్యానికి ఆ రాత్రి వేరే టికెట్టు పెట్టారు. ఇది మాత్రం ఉచితం.

చూడన్ = చూచుటకు. చూడటానికి మాత్రమేనని గ్రహించాలి. ఎక్కడానికి వేరే, బండి కట్టించుకోవడానికి వేరే, పక్కన నిలబడి ఫొటో దిగడానికి వేరే.

ఒంటిరాత్రికిన్ = ఒక్క రాత్రికి. ఒంటి అంటే ఒళ్ళు యొక్క అని కూడా కదా. ఒంటికి చలిపుట్టించే రాత్రి అని శ్లేష. ఒంటె, ఒంటి అని మాటలు పక్కపక్కన రావడం ఒకే మేకుకు రెండు తాళ్ళు కట్టడం లాంటిది.

లక్ష = అక్షరాలా లక్ష కాదు. నిజం అంకె చెబితే ఇంట్లో తెలుస్తుందని కవి గుండుసున్నాలు చుట్టాడు. ‘లక్షణంగా చెల్లించినది’ అని కొందరి అర్థం. పోనీ అతిశయోక్తే అందామంటే, ఇద్దరికి నాలుగు రాత్రులు, సేవాపన్నులు కూడితే స్వభావోక్తి వైపు జరుగుతోందని మా అబ్బాయి అన్నాడు.

పోసి = కుమ్మరించి. ఇచ్చి, చెల్లించి అనలేదు. పోయడం అంటే మళ్ళీ ఎత్తుకోలేనట్టు ఇసుకలో పోయడం.

పుష్కరమున = పుష్కరమందు. నిఘంటువు ఈ మాటకు నీరు, తామర, ఆకాశం, ఏనుగు తొండం కొన, మద్దెల ముఖం, కత్తివాదర, ఒక తీర్థం అని చాలా అర్థాలు ఇస్తుంది. అన్నీ ఇక్కడ పొసగుతాయి. నీరు: యాభైరెండు ఘాట్ల మధ్య ఉన్న సరస్సు. తామర: బ్రహ్మ చేతిలోంచి జారిపడిన తామరపువ్వు వల్లే ఈ సరస్సు పుట్టిందని కథ. ఆకాశం: తెల్లవారితే మైదానం మీద ఎగిరే వేడిగాలి బెలూన్లు. మద్దెల ముఖం: రాత్రి పన్నెండు దాకా పక్క శిబిరం పాటకచేరీ. ఏనుగు తొండం కొన: గిన్నెలో చిల్లర సైతం తడిమి తీసుకునే లెక్కల గుమాస్తా చెయ్యి. కత్తివాదర: బిల్లు. తీర్థం: పైవన్నీ భరించాక చివరికి మునిగేది.

వచ్చినాడ = వచ్చితిని. ఉత్తమపురుష. పురుషుడు ఉత్తముడే, బుద్ధి ఎలాంటిదో మిగతా మూడు పాదాలు చెబుతున్నాయి.

అన్వయం

నేను, గుడ్డమేడకు ఒక గుడ్డిదీపము పెట్టి, వేడినీళ్ళకు ఒక వేళ పెట్టి, ఒంటె మూతి చూడటానికి ఒక్క రాత్రికి లక్ష పుష్కరమందు పోసి వచ్చినాను అని కలుపుకోవాలి.

ఆక్షేప సమాధానాలు

ఆక్షేపం: దీపం పెట్టినవాడు, వేళ పెట్టినవాడు గుడారం యజమాని. పోసి వచ్చినవాడు కవి. క్త్వార్థానికి కర్త ఒక్కడే కావాలని బడిపిల్లలకు కూడా తెలుసే. ఇద్దరు కర్తలు ఉండటం వ్యాకరణదోషం కాదా?

సమాధానం: కాదు. దీపం, నీళ్ళు, రబ్బరు సంచి, మెడలో వేసిన బంతిపూలదండ, నుదుట పెట్టిన బొట్టు అన్నీ చివర్లో కవి ఖాతాలోనే రాశారు. కనుక చేసినవాడెవడైనా ఫలభోక్త ఒక్కడే. అన్నిటికీ కర్త కవే.

ఆక్షేపం: ‘పెట్టి’ తర్వాత ‘ఒంటె’ అచ్చుతో మొదలైంది. అక్కడ సంధి కలపలేదేం?

సమాధానం: గుడారానికీ స్నానాలగదికీ మధ్య ఉన్న తెరకు జిప్పు మూడు జానల మేర పడలేదు. అక్కడ సంధి పడితే కదా ఇక్కడ పడటానికి.

ఆక్షేపం: ‘ఒంటె మూతి చూడ’ అన్నాడు. ఇంతకీ చూశాడా?

సమాధానం: ఇదే అసలు ప్రశ్న. దీనికి తాత్పర్యంలో జవాబు ఉంది.

తాత్పర్యం

మేం దిగింది కార్తీక శుక్ల ఏకాదశి నాడు. శిబిరంలో ధరలు శిఖరానికి చేరే రోజులు అవే, ఏకాదశి నుంచి పున్నమి దాకా. ఆ అయిదు రోజులూ స్నానాలవాళ్ళు లక్షలుగా వస్తారు. ఉట్టి కొట్టినట్టు కుండలు పగలగొట్టే పందేలు, మీసాల పోటీలు, తలపాగాల పోటీలు, రంగులరాట్నాలు అన్నీ అప్పుడే. కానీ పశువుల బేరం దీపావళి దాటిన కొద్ది రోజులకే మొదలై, ఏకాదశి నాటికి దాదాపు ముగుస్తుంది. అమ్మినవాడు డబ్బు తీసుకుని, కొన్నవాడు జంతువును తోలుకుని ఇంటిదారి పడతారు. సంత లేచిపోయాక సంత చూడటానికి వచ్చిన జనం మేము. మా అబ్బాయి ఫోనులో తారీకులు చూశాడు గానీ తిథి చూడలేదు.

ద్వాదశి తెల్లవారుజామున బాబాయి నన్ను లేపాడు. “ఈ గుడ్డింట్లో ఎంతసేపురా, పద” అన్నాడు. ఇసుకలో నడిచాం. గుర్రాలు బాగానే ఉన్నాయి. మార్వాడీ గుర్రాల చెవులు లోపలికి వంగి కొనలు ఒకదానికొకటి తగులుతుంటాయి. బాబాయి వాటిని చూసి కొత్తపెళ్ళికూతురి నడుము పట్టీలా ఉన్నాయన్నాడు. ఒంటెలు నిలబడ్డ చోట మాత్రం పేడ, గడ్డిపరకలు, చల్లారిన పొయ్యిరాళ్ళు. నాలుగు బీళ్ళు దాటాక ఒక మూల మూడు మగ ఒంటెలు, ఎర్ర తలపాగా చుట్టుకున్న ముసలాయన, పన్నెండేళ్ళ మనవడు కనిపించారు. వాళ్ళు రైకాలు. పార్వతి మట్టితో వింత జంతువును చేస్తే శివుడు ప్రాణం పోశాడనీ, దాన్ని కాయడానికే మొదటి రైకాను పుట్టించాడనీ ఆ కులంవాళ్ళ నమ్మకం. రాత్రంతా ఆ తాతా మనవడూ ఆకాశం కిందే పడుకున్నారు. జిప్పు లేదు, రబ్బరు సంచి లేదు. ఒంటె పక్కకు ఆనుకుని కంబళి కప్పుకున్నారు.

బాబాయి “రాం రాం” అన్నాడు. ఆయన “రాం రాం సా” అన్నాడు. ఆ తర్వాత ఇద్దరికీ కలిసిన భాష ఒక్కటే: మూతి. బాబాయి కళ్ళతోనే అడిగాడు. ముసలాయన ముక్కుతాడు లాగి, ఒంటెను కూర్చోబెట్టి, పైపెదవి ఎత్తి పట్టుకున్నాడు. బాబాయి తువ్వాలు నడుముకు బిగించి వంగాడు. ఎద్దుకు ముందర కింద ఎనిమిది పళ్ళు, పైన చిగురే. రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, కడపళ్ళు అని జీవితమంతా కింద చూసి లెక్కపెట్టినవాడు. ఒంటె నోట్లో పైన కూడా రెండు వైపులా కోరల్లాంటి పళ్ళు కనిపించేసరికి, “ఒరే, దీనికి పైన కూడా ఉన్నయ్యిరా!” అని పసిపిల్లాడిలా వెనక్కి దూకాడు. ముసలాయన నవ్వుకు ఆయన నోట్లోనూ పైన రెండే ఉన్నాయని తెలిసింది. ఆ ఒంటె మాత్రం ఎవరి నవ్వునూ పట్టించుకోకుండా జమ్మిరొట్ట నములుతూ, దవడను ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పుతూ, రెండు వరసల కనురెప్పల వెంట్రుకల చాటు నుంచి మమ్మల్ని చూసింది.

అప్పుడు బాబాయి చెయ్యి చాపి దాని మీద తువ్వాలు కప్పాడు. మన సంతల్లో బేరం అలాగే: గుడ్డ కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకోవడం, పక్కవాడికి తెలియకుండా. ముసలాయన ఒక్క క్షణం చూసి, చెయ్యి లోపలికి పెట్టాడు. తువ్వాలు కింద ఏదో కదిలింది. బాబాయి ముఖం మారింది. చెయ్యి తీసి నాకు వేళ్ళు చూపించాడు. నేను నమ్మలేక మనవణ్ణి హిందీలో అడిగాను. వాడూ అదే చెప్పాడు. ఆ ఒంటె ధర మా గుడ్డమేడలో ఒక్క రాత్రి అద్దె కన్నా తక్కువ.

ఎందుకింత పడిపోయిందని అడిగితే కుర్రాడే చెప్పాడు. బండి లాగే పని ట్రాక్టర్లు తీసుకున్నాయి. 2014లో ఒంటెను రాష్ట్ర జంతువుగా ప్రకటించారు. 2015లో చట్టం చేసి వధను నిషేధించారు, అనుమతి లేకుండా రాష్ట్రం దాటించకూడదన్నారు. కాపాడటానికి చేసిందే. కానీ బయటి రాష్ట్రాల కొనుగోలుదారులు రావడం తగ్గాక, మగ ఒంటెకు అడిగేవాడు కరువయ్యాడు. అడిగేవాడు లేనిదాన్ని మేపేవాడు ఎన్నాళ్ళు మేపుతాడు? పశుగణన లెక్కల్లో రాజస్థాన్ ఒంటెలు 2012లో మూడు లక్షల పాతికవేలు దాటి ఉంటే, 2019 నాటికి రెండు లక్షల పదమూడు వేల దగ్గర నిలిచాయి. మా శిబిరం ప్రవేశద్వారం మీద మాత్రం ఒంటె బొమ్మలు ఎన్ని ఉన్నాయో కవి లెక్కపెట్టలేకపోయాడు.

“కొందామా బాబాయ్?” అన్నాను, సరదాకి.

“యాడ కట్టేస్తావురా, మీ అపార్ట్‌మెంట్ లిఫ్టులోనా?” అన్నాడు. కాసేపాగి, “ఆ ముసలాయనకి మనం దిగిన కాడ అద్దె ఎంతో చెప్పమాక” అన్నాడు.

ఇదీ తాత్పర్యం. మిగతాదంతా టీకా.

పాఠాంతరాలు

‘ఒంటె మూతి చూడ’ అన్నచోట ‘ఒంటె తోక చూడ’ అని ఒక పాఠం ఉంది. ఏకాదశి తర్వాత వెళ్ళినవారికి ఇదే సమంజసం. మేం దారిలో చూసిన ఒంటెలన్నీ అజ్మీరు రోడ్డు మీద అటు తిరిగి పోతున్నవే. ‘పోసి వచ్చినాడ’కు ‘మోసపోయినాడ’ అని మా పిన్ని పాఠం. ఛందస్సుకు సరిపోతుంది గానీ, అబ్బాయి నొచ్చుకుంటాడని కవి స్వీకరించలేదు.

అలంకారం

గుడ్డను మేడ అనడం రూపకం. గుడ్డిదీపాన్ని వాతావరణం అనడం అపహ్నుతి. ఒంటెను చూపకుండా ఒంటె పేరున డబ్బు తీసుకోవడం ఏ అలంకారమో దండి, భామహుల్లో దొరకలేదు.

వ్యంగ్యం

పద్యంలో ‘ఒంటె మూతి చూడ’ అన్నచోట చూసేదెవరు, చూడబడేదెవరు అన్నది కవి తెరిచి ఉంచాడు. శిబిరంలో దిగినప్పుడు మాకేం జరిగిందో వరసగా చెబుతాను. ముందు మెడలో పూలదండ వేశారు. నుదుట కుంకుమ పెట్టారు. చేతికి నంబరు రాసిన పట్టీ బిగించి, అది తీస్తే భోజనం దగ్గరికి రానివ్వమన్నారు. వరసలో మా నంబరు గుడారం ముందు నిలబెట్టారు. వేళకు మేత చూపించారు. నాలుగు రోజులు తిప్పి, అయిదో నాడు బండెక్కించారు.

సంతలో జంతువుకు చేసేవి కూడా ఇవే. అక్కడ ఒంటె మెడలో గవ్వలు, పూసలు అల్లిన గోరుబంద్ కడతారు. ఒంటి మీద బొచ్చును కత్తిరించి తీగలు, పూలు దిద్దుతారు. వరసలో నిలబెడతారు. వయసు, బలం చూసి వెల కడతారు. ఒక్క తేడా. ఒంటెను అమ్మేవాడు దాని ముందర మూతి పట్టుకుని కాసేపు నిలబడి, తర్వాత అటు తిరిగి కళ్ళు తుడుచుకుంటాడు. మమ్మల్ని పంపేటప్పుడు రేటింగు ఇవ్వమన్నారు.

పున్నమి నాడు తెల్లవారకముందే బాబాయి సరస్సులో మూడు మునకలు వేశాడు. మెట్ల మీద పంతులు గోత్రం అడిగి మణికట్టుకు ఎర్రదారం కట్టాడు. రెండో మణికట్టుకు శిబిరంవాళ్ళ పట్టీ అలాగే ఉంది. ఒక చేతికి పుణ్యం, ఒక చేతికి బిల్లు. బ్రహ్మగుడికి పోయే వరసలో నిలబడి బాబాయికి అక్కడివాళ్ళు చెప్పుకునే కథ చెప్పాను: యజ్ఞానికి సావిత్రి రావడం ఆలస్యమైతే, ముహూర్తం దాటకుండా గొల్లపిల్ల గాయత్రిని ఆవు నోట్లోంచి పంపి వెనకగా తీసి శుద్ధి చేసి, బ్రహ్మ పక్కన కూర్చోబెట్టారట. సావిత్రి అలిగి కొండెక్కింది. అక్కడ ఆమె గుడి ఇప్పటికీ ఉంది. బాబాయి అంతా విని, “అయితే ఈ ఊళ్ళో పెళ్ళి పెద్ద గొడ్డేనన్నమాట. గొడ్డు లేకపోతే ఈ పుణ్యం ఎవురికి?” అన్నాడు.

గుడి నుంచి తిరిగి వస్తూ ఆ మూల బీటికి వెళ్ళాం. ముసలాయన, మనవడు సామాను కడుతున్నారు. మూడు ఒంటెలూ అక్కడే ఉన్నాయి.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని వ్యాఖ్యతో సహా చదివినవారు ఇన్ని ఫలాలు పొందుదురు: తాళ్ళకు తట్టుకొని పడకుందురు, చెక్కబిళ్ళ చదివి నీళ్ళు పట్టుకొందురు, రాత్రి గుడగుడ విని రెంచీవాణ్ణి పిలవకుందురు. వెళ్ళదలచినవారికి ఒక్క మాట. ఫోనులో తారీకు చూసే ముందు గోడ మీద పంచాంగం చూడండి. దీపావళి అయ్యాక, ఏకాదశికి ముందు వచ్చే రోజుల్లో వెళ్ళండి. అప్పుడు గుడారాలూ కాస్త చవక, ఒంటెలూ ఉంటాయి. బస ఎక్కడైనా ఫరవాలేదు, ఊళ్ళో సత్రాలున్నాయి. సొంత దుప్పటి మాత్రం పట్టుకుపోండి. ఒంటెను అమ్మేవాడు పెదవి ఎత్తి చూపిస్తే వంగి చూడండి. కొనకపోయినా, అతని చేతి టీ తాగి, ధర అడిగి, విని రండి.